బురదలో గీత

ఈ కుర్చీ ఆరేళ్ళ పిల్లల కోసం చేసింది. మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. పెళ్ళికూతురు ఎక్కడైనా ఇలా కూర్చుంటుందా? కానీ మా చర్చి మొత్తానికి నిలువుటద్దం ఉన్నది నేలకింద ఉన్న ఈ ఆదివారం బడి గదిలోనే. క్రిస్మస్ నాటకంలో దేవదూతలు రెక్కలు సరిచూసుకోవడానికి పెట్టిన అద్దం అది. ఇప్పుడందులో డెబ్భై ఎనిమిదేళ్ళ దేవదూత ఒకతె నీలం గౌను వేసుకుని, తల్లో పూలు పెట్టాలా వద్దా అని నన్నే అడుగుతున్నట్టు చూస్తోంది. తెలుపు వద్దన్నాను, తెలుపు ఒకసారి వేసుకున్నాను, చాలు. పక్కన వంటింట్లో కాఫీ మరుగుతోంది, లెఫ్సా రొట్టెలకు వెన్న రాస్తున్నారు, హామ్ కోస్తున్న కత్తి చెక్క మీద టకటకమంటోంది, ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. గుసగుసలని వాళ్ళనుకుంటున్నారు గానీ అందరి చెవుల్లోనూ మిషన్లే, మా ఈడువాళ్ళ గుసగుస వీధి దాకా వినిపిస్తుంది. వచ్చాడా, ఇంకా రాలేదట, రాడులే, రాకపోతే ఆర్లిస్ ఒక్కతే నడుస్తుందా పాపం. పాపమేమిటి, కాళ్ళున్నాయి, నడుస్తాను. కాకపోతే ఈ చెవి నా మాట వినడం లేదు, అద్దం ముందు నన్ను కూర్చోబెట్టి అది మాత్రం వెళ్ళి రోడ్డు మీద నిలబడింది. వెర్లిన్ ట్రక్కు వస్తే తెలుస్తుంది. ఆగేముందు ఒకసారి దగ్గుతుంది, ఆగాక ఇంకోసారి దగ్గుతుంది, దాని యజమాని లాగే, ఆఖరి మాట తనదే కావాలి.

వెర్లిన్, నేను కవలలం. నాకంటే పది నిమిషాలు పెద్ద వాడు, ఆ పది నిమిషాల పెద్దరికాన్ని జీవితమంతా లాగాడు. సైకిలు ముందు వాడికి, కిటికీ పక్క సీటు వాడికి, పాల మీది మీగడ వాడికి, ఎందుకంటే వాడు పెద్ద. అమ్మ పోయిన రోజు మాత్రం ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని, ఇప్పుడు నువ్వే పెద్దదానివి ఆర్లీ, నావల్ల కాదు అన్నాడు. ఒక్క పూటకు. మర్నాడు మళ్ళీ వాడే పెద్ద. అలాంటివాడు ఆగస్టు నుంచి మాట్లాడలేదు. మా అమ్మాయి జోలీన్ ఇంట్లో భోజనాలయ్యాక అది పళ్ళు పెట్టి కాల్చిన బ్లూబెర్రీ పై కోసి పెడుతుంటే, వెర్లిన్, నేను పెళ్ళి చేసుకుంటున్నాను అన్నాను. మంచిది, అన్నాడు నమలడం ఆపకుండా, ఎవర్ని? ఆంబ్రోస్ హ్యూబ్నర్‌ని. నమలడం ఆగింది. నది అవతలి ఆంబ్రోసా? ఆ. సర్వేయరు ఆంబ్రోసా? ఆ. నా కాలు పట్టుకున్న ఆంబ్రోసా? ఆ వెర్లిన్, ఆ ఆంబ్రోసే, జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఫోర్కు పళ్ళెం మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. వెళ్ళిపోయాడు. పళ్ళెంలో మిగిలిన బ్లూబెర్రీ పై ముక్క చూసి జోలీన్ భయపడిపోయింది. "అమ్మా, మామయ్య పై సగంలో వదిలేశాడంటే డాక్టరుకి ఫోన్ చెయ్యాలేమోనే" అంది. ఆ తర్వాత వాడి ఫోనులో సందేశం పెట్టాను, నాన్న లేడు, నన్ను చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుకు దాకా నడిపించడానికి నువ్వే రావాలి అని. జవాబు లేదు. ఇంకో సందేశం పెట్టాను. దానికీ లేదు. వాడి ఇంటికి వెళ్తే వాకిట్లో ట్రక్కు ఉంది, కిటికీలో టీవీ వెలుగుతోంది, తలుపు మాత్రం తీయలేదు. గుమ్మంలో నిలబడి ఓ పావుగంట తిట్టి వచ్చాను. లోపల టీవీ సౌండు తగ్గించాడు, అంటే విన్నాడు.

అంతా ఆ బురద వల్ల వచ్చింది. కెన్నెడీ పోయిన రోజు ఎక్కడున్నావంటే మా జిల్లా వాళ్ళు కాసేపు ఆలోచిస్తారు, బురద ఆట రోజు ఎక్కడున్నావంటే మాత్రం ఠక్కున చెప్తారు, అప్పటికి పుట్టనివాళ్ళు కూడా. పుట్టనివాళ్ళకు తెలియడానికి కారణం వెర్లినే. ముప్ఫై ఏళ్ళకు పైగా బడి బస్సు నడిపాడు వాడు. బస్సెక్కిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ చలికాలం దారి పొడుగునా ఆ ఆటే చెప్పాడు, చెప్పిన కొద్దీ వాన పెరిగింది, నది పొంగింది, అవతలి కాలేజీ కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళు గాదె అంత లావయ్యారు. పైన పెళ్ళి జరిపించడానికి పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్న పాస్టరమ్మ కూడా ఆ బస్సులో బడికెళ్ళిన పిల్లే. మొన్న పెళ్ళి ఏర్పాట్లు మాట్లాడటానికి వెళ్తే, ఆర్లిస్ గారూ, వరుడు ఆ ఆంబ్రోసేనా అని కళ్ళింత చేసుకుని అడిగింది, బైబిల్లోని రాక్షసుడు గొలియాతు మా చర్చికి పెళ్ళికి వస్తున్నట్టు. వాడు లావేమీ కాదమ్మా, అన్నాను. సన్నగా, పొడుగ్గా, కొలబద్దలా ఉంటాడు.

అప్పుడూ అలాగే ఉండేవాడట, నేను చూడలేదు, చూసినా తెలిసేది కాదు, ఆ రోజు ఎవరు ఎవరో దేవుడికి కూడా తెలియదు. నవంబరు. నది ఇవతల మా హాల్వర్ కాలేజీ, లూథరన్లం, నది అవతల సెయింట్ ఓట్మార్, కాథలిక్కులు, ఏటా ఒకసారి ఫుట్‌బాల్ మైదానంలో, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ మైదానంలో, తేల్చుకోవలసిన విషయాలు రెండు పక్కలా చాలా ఉండేవి. అంతకు ముందు మంచు పడింది, అది కరిగింది, దాని మీద వారం రోజులు వాన. మా మైదానం నది ఒడ్డునే. ఆట మొదలయ్యేసరికి సున్నంతో గీసిన తెల్లగీతలు కనబడుతూనే ఉన్నాయి, సగం ఆట అయ్యేసరికి పాలు ఒలికినట్టు మసకబారాయి, ఆ తర్వాత అవి కూడా లేవు, నల్లటి బురద, అందులో నల్లటి కుర్రాళ్ళు. మా ఎరుపు లేదు, వాళ్ళ బంగారు రంగు లేదు, నంబర్లు లేవు. ఒకసారి మావాడు మావాడినే పడగొట్టి మీద కూర్చున్నాడు, కిందున్నవాడు "ఒరేయ్ నేనురా, ఎల్మర్ని" అని అరిచేదాకా లేవలేదు. నేను వాద్య బృందంలో క్లారినెట్. మమ్మల్ని మైదానం చివర, మూలనున్న జెండా పక్కన నిలబెట్టారు. వానకి డప్పు తోలు వదులైపోయి, కొడితే తడిసిన పిండి మీద అరచేత్తో కొట్టినట్టు చప్పుడొచ్చేది. అయినా వాయించాం. చలికి పెదవులు మొద్దుబారి ఎవరి రాగం వాళ్ళదే అయింది, ఆ అపస్వరాలకి అవతలివాళ్ళు చప్పట్లు కొట్టారు, మేం వంగి దణ్ణాలు పెట్టాం. అంత నవ్వు నేను ఎప్పుడూ నవ్వలేదు. ఓడిపోతున్నాం, అయినా నవ్వు.

ఓడిపోతున్నామంటే మరీ కాదు. నాలుగు పాయింట్లు వెనక. ఆఖరి అవకాశం ఒక్కటి మిగిలింది. బంతి మా చివరనే ఉంది, నా ఎదురుగా, చివరి గీతకు కాస్త దూరంలో, ఆ గీతని బంతితో దాటితే గెలుపు, దాటకపోతే ఓటమి. కాకపోతే గీతే లేదు. జెండా ఒకటి ఉంది, రెండో మూల జెండాని సగం ఆటప్పుడే ఎవరో ఎత్తుకుపోయారు, ఎవరో అని ఊళ్ళో అంటారు గానీ సెయింట్ ఓట్మార్ వాళ్ళ వసతి గృహంలో అది కర్రతో సహా చాలాకాలం వేలాడింది. బంతి వెర్లిన్ చేతికొచ్చింది. నా కవల, నా పది నిమిషాల అన్న, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాడు. ఎదురొచ్చినవాళ్ళు జారిపడ్డారు, వెనకొచ్చినవాళ్ళు జారిపడ్డారు, వాడొక్కడే ఎలాగో నిలబడి ఉన్నాడు, ఇంతలో ఎక్కణ్ణుంచో ఒక పొడుగాటి చెయ్యి వచ్చి వాడి కాలు పట్టుకుంది. ఇద్దరూ బోర్లా పడ్డారు. పడ్డవాళ్ళు ఆగలేదు. బురదలో సీలు చేపల్లా జారుకుంటూ, ఒకడి కాలు ఒకడి చేతిలో, తిన్నగా వచ్చి మా పెద్ద డప్పుని గుద్దారు. డప్పు వాయించే అమ్మాయి వెళ్ళి బాకాల మీద పడింది, బాకాలు వెళ్ళి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రిఫరీ ఈల ఊదబోతే ఈలలోంచి బురద వచ్చింది. మోకాలు నేలకు తగిలిన చోటే లెక్క, తర్వాత ఎంత దూరం జారినా లెక్కలేదు. ఆ పెద్దమనిషి బూటుతో బురద గీకి గీత కోసం వెతికాడు, ఆకాశం వంక చూశాడు, ఒక్క జెండా వంక చూశాడు, రెండు చేతులూ అడ్డంగా ఊపి దాటలేదు అని తేల్చి, ఆగకుండా తిన్నగా కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇదంతా జనం చెప్పగా విన్నదే. నేను అక్కడే ఉన్నాను, ఆ గీత ఉండాల్సిన చోటికి అందరికంటే దగ్గరగా ఉన్నాను, ఏమీ చూడలేదు. ఆ మాటే చెప్తూ వచ్చాను, కళ్ళజోడు నిండా బురద అని. అదీ నిజమే. కానీ అసలు సంగతేమిటంటే, అప్పుడు నా ఎడమ కాలి బూటు బురదలో దిగబడిపోయింది. కాలు లాగితే కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఊగుతుంటే పక్కనున్న కుర్రాడు, ఒంటికి కొండచిలువలా చుట్టుకునే పెద్ద ఇత్తడి ట్యూబా వాయించేవాడు, ఆ కొండచిలువతో సహా బురదలో మోకరిల్లాడు. "నా భుజం పట్టుకోండి" అన్నాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. "ఇక్కడెక్కడో ఉంది. ఆ, దొరికింది. కాదు, ఇదెవరిదో." నిజంగానే వేరే ఎవరిదో బూటు తీశాడు, మగవాళ్ళది, ఏనాటిదో. నాకు నవ్వాగలేదు. జిల్లా చరిత్రలోకెల్లా గొప్ప పరుగు నా ముక్కు ముందు జరుగుతుంటే నేను ఒక తడిసిన జుట్టు వంక, అందులోంచి చెవి వెనక్కి కారుతున్న నీటి చుక్క వంక చూస్తూ నిలబడ్డాను. అతని పేరు డ్వెయిన్. ఆ తర్వాతి జూన్‌లో ఇదే చర్చిలో పెళ్ళి చేసుకున్నాం. జోలీన్ పుట్టింది. మంచివాడు. పోయేదాకా కూడా, ఇంట్లో ఏది కనిపించకపోయినా "ఆ, దొరికింది. కాదు, ఇదెవరిదో" అనేవాడు, నేను నవ్వేదాన్ని. డ్వెయిన్, నీ సంగతి ఆంబ్రోస్‌కి అంతా చెప్పాను. నీ ట్యూబా ఇప్పటికీ హాల్లోనే ఉంటుందని కూడా చెప్పాను. దుమ్ము దులిపేది నేనేనా అని అడిగాడు, నువ్వే అన్నాను, సరేనన్నాడు.

ఆంబ్రోస్ మా ఇంటికి వచ్చింది రేగుచెట్ల వరస కోసం. మా పక్కింటివాళ్ళు కొత్తగా వచ్చారు, వాళ్ళ స్థలం ఎక్కడిదాకానో తెలుసుకోవాలన్నారు, తెలుసుకోండి అన్నాను. సర్వే ఆఫీసు మనవరాలు చూసుకుంటోంది, భార్య పోయాక ఈయన ఊరికే ఇంట్లో కూర్చోలేక ఆవిడ వెంట వచ్చి ఎర్ర చారల కర్ర పట్టుకుని నిలబడే ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయి మూడుకాళ్ళ యంత్రంలోంచి చూస్తూ, తాతయ్యా ఎడమకి, తాతయ్యా ఇంకాస్త, అంటుంటే చెట్ల మధ్య అటూ ఇటూ జరుగుతున్నాడు, జరిగిన ప్రతిచోటా ఒక పండు కోసుకుని తింటున్నాడు. నేను కాఫీ తీసుకెళ్ళాను. "మీరు వెర్లిన్ చెల్లెలు కదూ?" అన్నాడు నోట్లో గింజతో. మీరెవరన్నాను. "నేను వాడి కాలు పట్టుకున్నవాణ్ణి" అన్నాడు. అంత సాదాగా. ఈ జిల్లాలో ఆ మాట చెప్పి హాల్వర్ వైపు కాఫీ తాగిన మొదటి మనిషి బహుశా అతనే. వెర్లిన్‌ని చూస్తుంటారా అని అడిగాను. ఏడాదికోసారి, అన్నాడు. ఎక్కడా అంటే, ఏటా రెండు కాలేజీల ఆట రోజున కంచె దగ్గర. వాడొచ్చి పక్కన నిలబడి, మెడ తిప్పకుండా "దాటాను" అంటాడట. ఈయన "లేదు" అంటాడట. కాసేపు ఇద్దరూ ఆట చూసి, ఎవరి కాఫీ వాళ్ళు తాగి, ఎవరి దారిన వాళ్ళు పోతారట. యాభై ఏళ్ళకు పైగా ఇంకో మాట లేదా అన్నాను. ఒక ఏడాది నాకు పచ్చకామెర్లు వచ్చి వెళ్ళలేదు, అన్నాడు, పై ఏడాది మీ అన్న "దాటాను, ఏమైపోయావు?" అన్నాడు. అలా చెప్పి, మా చెట్టు కొమ్మ వంచి, అది ఇన్ని అంగుళాలు పక్కవాళ్ళ స్థలంలో ఉందండీ అన్నాడు. నా చెట్టే, నా కాఫీ తాగుతూ. కాస్త మొహమాటమైనా ఉండదా అనుకున్నాను. పక్కవాళ్ళు వచ్చి కొమ్మ కోసేయాలంటే మాత్రం, పళ్ళు కోసుకోండి, కొమ్మ ఎందుకు, అని వాళ్ళనీ ఒప్పించాడు. మర్నాడు పళ్ళు కావాలని ఒక్కడే వచ్చాడు. ఆ తర్వాత పళ్ళు అయిపోయాక కూడా వచ్చాడు.

దగ్గు. ట్రక్కు దగ్గు. ఆగి, ఇంకోటి.

వంటింట్లో కత్తి ఆగింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా "వచ్చాడు" అని గుసగుసలాడారు, పై అంతస్తులో కూడా వినబడి ఉంటుంది. లేవబోయాను, ఈ కుర్చీలోంచి లేవడం బురదలోంచి లేవడం లాంటిదే, సగం లేచేసరికి జోలీన్ మెట్లు దిగి పరుగున వచ్చింది. "అమ్మా, మామయ్య వచ్చాడు, టై కట్టుకున్నాడు" అంది. మిగతా సగం కూడా లేచాను. "కానీ ఇక్కడికి రావట్లేదు. తిన్నగా పాస్టరమ్మ గదిలోకి వెళ్ళాడు, పెళ్ళికొడుకు అందులోనే ఉన్నాడు, లోపల్నించి తాళం వేసేశాడు." పాస్టరమ్మ గది సరిగ్గా మా నెత్తి మీద. గోడలో వేడిగాలి వచ్చే జాలీ ఒకటుంది, పైగదిలో మాట్లాడితే దాంట్లోంచి ఇక్కడికి వినబడుతుంది. ఆదివారం బడి చదివిన ప్రతి పిల్లకీ తెలిసిన రహస్యం అది. జోలీన్, నేను ఒకళ్ళనొకళ్ళం చూసుకుని ఇద్దరం వెళ్ళి జాలీ దగ్గర చెవులు పెట్టాం.

"ఒక్కసారి చెప్పు చాలు" అంటున్నాడు వెర్లిన్. "దాటాడు అని. ఇంకేం అడగను. టై కూడా కట్టుకొచ్చాను చూడు."

"చూశాను. బావుంది."

"చెప్పు మరి."

"దాటలేదు, వెర్లిన్."

"పెళ్ళిరా ఇవాళ నీకు! పెళ్ళిరోజు కూడా ఒక చిన్న అబద్ధం చెప్పలేవూ?"

"ఇంకేదన్నా అడుగు, చెప్తాను. నీకు వయసు కనబడట్లేదని చెప్పమంటావా, చెప్తాను. గీత సంగతి మాత్రం అడక్కు. బతుకంతా గీతలు కొలిచి తిన్నాను."

"గీతే లేదు కదరా అక్కడ! ఏం కొలిచావు?"

"కనబడకపోతే లేనట్టా? నీ పొలం గట్టు మంచులో కనబడుతుందా? కనబడట్లేదని పక్కవాడు ముందుకొచ్చి దున్నితే ఊరుకుంటావా?"

"మోకాలు నాది! ఎక్కడ తగిలిందో నాకు తెలీదా?"

"మోకాలు నీదే. దాన్ని పట్టుకున్న చెయ్యి నాది."

జోలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా సంగతి నాకే వింతగా ఉంది. చెప్పేయచ్చుగా ఆంబ్రోస్, ఒక్క మాట, మా అన్నయ్య చెయ్యి నా చేతిలోకి వస్తుంది, నవ్వుకుంటూ నడిచొస్తాం, ఎవరికి నష్టం అని మొదట అనుకున్న మాట నిజం. ఆ వెంటనే పెదాలు వాటంతటవే జాలీకి ఆనుకుని చెప్పకు, చెప్పకు అంటున్నాయి. ఇవాళ గీత జరిపినవాడు రేపు నేను వండినది బాగోలేకపోతే బాగుందంటాడు, నాకు జబ్బు చేస్తే ఏం లేదంటాడు, అలా అందరూ అంటారు ఈ వయసులో మనతో, డాక్టరు అంటాడు, జోలీన్ కూడా అంటుంది. మెత్తటి అబద్ధాల మధ్య చచ్చేదాకా కూర్చోవడం నాకిష్టం లేదు. చెప్పకు ఆంబ్రోస్. నేను ఒక్కదాన్నే నడుస్తాను, ఫరవాలేదు. అలా అనుకుంటుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పైన కుర్చీ ఈడ్చిన చప్పుడయింది. "నువ్విక్కడున్నావు, నేనిక్కడ. ఈ తివాచీ అంచు గీత అనుకో." "తివాచీ అంచు కాదు, బల్లకాలు అనుకో." "సరే బల్లకాలు. పట్టుకో నా కాలు." తర్వాత ధబ్బుమని ఒక చప్పుడు. కాస్త ఆగి ఇంకోటి. ఆ తర్వాత ఏమీ లేదు.

డెబ్భై ఎనిమిదేళ్ళలో నేనంత వేగంగా మెట్లెక్కలేదు. పాస్టరమ్మ వేరే తాళంచెవి తెచ్చి తలుపు తీసింది. తివాచీ మీద బోర్లా ఇద్దరు. ముందు వెర్లిన్, చెయ్యి చాపి, ఆ చేతిలో బంతి బదులు సోఫా దిండు. వెనక నా పెళ్ళికొడుకు కొత్త సూటుతో, వెర్లిన్ మడమ పట్టుకుని. దెబ్బలు తగల్లేదు. లేవలేకపోతున్నారు, అంతే. లేవలేక, అలాగే పడుకుని వాదించుకుంటున్నారు.

"పెళ్ళికి ముందు పెళ్ళికూతుర్ని చూడకూడదు, కళ్ళు మూసుకో" అన్నాడు వెర్లిన్.

"నీ కాలు వదిలితే మూసుకుంటాను" అన్నాడు ఆంబ్రోస్.

"సిగ్గులేదూ మీకు?" అన్నాను. "నూటయాభై మంది వచ్చి కూర్చున్నారు అవతల. లేవండి. వెర్లిన్, నీకేం కావాలి? నా పెళ్ళి చెడగొట్టడానికి వచ్చావా?"

వాడు దిండు మీద గడ్డం ఆనించాడు. తర్వాత తివాచీతో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఎల్మర్ పోయాడు. ఆర్నీ మొన్న వసంతంలో పోయాడు. ఆ రోజు మైదానంలో ఆడినవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం ఆర్లీ. ఇప్పుడు వీడు నీ మొగుడైతే, నేను మీ ఇంటికొస్తే కుర్చీ వేస్తాడు, కాఫీ పోస్తాడు. నేనూ మర్యాదగా ఉండాలి. మర్యాద వచ్చాక ఇంక పోట్లాట ఎక్కడుంటుంది? నేను ఎవడితో పోట్లాడను?"

ఇదా. ఆగస్టు నుంచి తలుపేసుకుని కూర్చున్నది దీనికా. నేను వాడికి శత్రువు దగ్గరికి వెళ్ళిపోతున్నాననుకున్నాను, వాడేమో నేను వాడి శత్రువుని లాక్కుపోతున్నానని ఏడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి నవ్వే గెలిచింది. కిందికి వంగాను, వంగగలిగినంత. "పిచ్చి మొద్దూ" అన్నాను. "వీడింక నీకు బావరా. ఏడాదికోసారి కంచె దగ్గర నిలబడి రెండు ముక్కలు మాట్లాడుకోవడం ఎందుకు, ప్రతి ఆదివారం భోజనానికొచ్చి పోట్లాడు. బావతో పోట్లాడకపోతే ఇంకెవరితో పోట్లాడతారు? మర్యాద చేస్తే అప్పుడు చెప్పు, నేను చూసుకుంటాను వాణ్ణి."

వెర్లిన్ తల తిప్పి వెనక్కి చూశాడు. "నిజంగా మర్యాద చెయ్యవూ?"

"నీకా?" అన్నాడు ఆంబ్రోస్.

లేపడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది, నేను, జోలీన్, పాస్టరమ్మ. ఇద్దరి సూట్ల నిండా తివాచీ నూగు. వంటింటి ఆడవాళ్ళు బట్టల బ్రష్షు తెచ్చి గోధుమ పంట నూర్చినట్టు దులిపారు. చర్చిలో ఆర్గను వాయిద్యం మొదలైంది. వెర్లిన్ చెయ్యి చాపాడు, ఇందాక దిండు పట్టుకున్న చెయ్యే, అందుకున్నాను. తలుపులు తెరిచారు. కుడివైపు బల్లల మీద హాల్వర్ జనం, ఎడమవైపు నది అవతలి జనం, అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. వాళ్ళు చూస్తోంది నన్ను కాదు, వాణ్ణి. మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది, కుంటుతున్నాడు. మెల్లగా నడు అన్నాను. నేను పెద్దవాణ్ణి, నువ్వు నాకు చెప్పకు అన్నాడు. నడిచాం. ఎంత బావుంది ఈ నడక, అమ్మ కడుపులో కూడా ఇలాగే ఒకరి పక్కన ఒకరం, అప్పుడు వాడు ముందు బయటికి దూకాడు, ఇవాళ నా అడుగులో అడుగు వేస్తున్నాడు. కిటికీ రంగుటద్దాల్లోంచి ఎండ పడి ఆంబ్రోస్ చెవులు ఎర్రగా వెలుగుతున్నాయి. సన్నగా, పొడుగ్గా, నిటారుగా నిలబడి ఉన్నాడు.

వెర్లిన్ నా చేతిని తీసి అతని చేతిలో పెట్టాడు. పెట్టి వదల్లేదు. ఇద్దరి చేతుల మీద తన చెయ్యి ఉంచి, ముందుకు వంగి, గుసగుసగా, అంటే చర్చి అంతా వినబడేట్టు, "దాటాను బావా" అన్నాడు.

ఆర్గను ఆగింది. ఆంబ్రోస్ నా వంక చూశాడు, వాడి వంక చూశాడు.

"లేదు బామ్మర్దీ" అన్నాడు.

ఎడమవైపు ఎవరో కిసుక్కున నవ్వారు, కుడివైపు ఇంకెవరో, తర్వాత రెండు వైపులా. వెర్లిన్ నోరు తెరిచాడు. ఆంబ్రోస్ కూడా తెరిచాడు.

"ఒప్పుకుంటున్నాను" అన్నాను నేను గట్టిగా.

పాస్టరమ్మ పుస్తకంలోంచి తలెత్తింది. "నేనింకా అడగలేదు, ఆర్లిస్ గారూ."

"అడుగు తల్లీ, త్వరగా అడుగు," అన్నాను, "వీళ్ళు మళ్ళీ కింద పడుకోకముందే."